పదిహేడు ముఖాల హెచ్చరిక బోర్డు

ఒక పెద్ద అడవిలో, అంటే పెద్దదని అక్కడి పెద్దలు చెప్పుకునే అడవిలో, ముత్యాలు అనే ఉడత ఉండేది. దానికి బొమ్మలు గీయడం వచ్చు. ఎర్రమట్టి తడిపి ఎరుపు, నేరేడుపళ్ళు పిండి ఊదా, కాలిన మొద్దు గీకి నలుపు చేసుకునేది. కుంచె కోసం ఎవరినీ అడగక్కర్లేదు, తోక ఉండనే ఉంది.

గీయడం వస్తే చాలదు కదా, గీయమనేవాళ్ళు కావాలి. ముత్యాలు ముందుగా ఎలుగుబంటి ఎర్రయ్య తేనెకొట్టుకు వెళ్ళింది.

"మీ తేనెకుండల మీద మంచి బొమ్మ వేస్తాను బాబాయ్."

"ఇదివరకు ఎవరి కుండల మీద వేశావు?" అన్నాడు ఎర్రయ్య.

"ఇదే మొదలు."

"అయితే ఎవరి దగ్గరైనా వేసి రా, చూద్దాం."

పక్కకొట్టు కుందేలూ అదే మాట అంది. ఆ పక్కనున్న ముంగిసా అంతే. పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్ళికాదన్నట్టు తయారైంది ముత్యాలు బతుకు. ఈ అడవిలో మొదటి పని ఎవరూ ఇవ్వరు. రెండో పని ఇవ్వడానికి మాత్రం అందరూ సిద్ధం.

అలాంటి రోజుల్లో నక్క నాగభూషణం కబురు పెట్టాడు. అడవిలో ఎక్కడ బోర్డు లేవాలన్నా, ఎక్కడ తోరణం కట్టాలన్నా కాంట్రాక్టు ఆయనదే. ఆయనకు గీత గీయడం కూడా రాదు. అందుకే ఆ పనిలో పైకొచ్చాడు.

"అమ్మాయ్, నీకో పెద్ద పని. వేసవిలో కొండజింకలు నీళ్ళకోసం మన పాతరేవుకు దిగుతాయి. అక్కడ మొసలి ఉందని వాటికి తెలీదు. పోయిన వేసవిలో ఐదు పోయాయి. అందుకని అడవి సభవారు హెచ్చరిక బోర్డు పెట్టమన్నారు. జింకలకు అక్షరాలు రావు, బొమ్మే దిక్కు."

"నాకేమిస్తారు బాబాయ్?"

"కింద మూలన నీ పేరు రాసుకో. వచ్చేపోయే వాళ్ళంతా చూస్తారు. ఇక నీ ఇంటిముందు వరస కడతారు."

ముత్యాలుకు అంతకంటే ఏం కావాలి? ఆ రోజంతా తిండి కూడా తినకుండా గీసింది. పెద్ద మద్దిచెక్క నిండా ఒకటే నోరు. నోటినిండా పళ్ళు, పళ్ళ మధ్య ఒక జింక కాలు. ఇంకేం లేదు. కింద మూలన బియ్యపుగింజంత అక్షరాలతో తన పేరు.

చెక్క మీద కప్పిన ఆకులు తీయగానే నాగభూషణం నాలుగడుగులు వెనక్కి గెంతాడు. గుండె చిక్కబట్టుకుని, "బాగుంది. ఇక సభవారు ఒప్పుకోవాలి" అన్నాడు.

సభ అధ్యక్షులు అడవిదున్న దాలప్పగారు. ఆయన బొమ్మను కుడినుంచి ఎడమకు, ఎడమనుంచి కుడికి వెతికారు.

"మొసలి కనబడుతోంది. మరి నేనెక్కడమ్మా?"

"అయ్యా, ఇది మొసలి ఉందని చెప్పే బొమ్మండి."

"చెప్పేదెవరు? సభ. సభ అంటే ఎవరు? నేను లేకుండా అక్కడ మొసలి ఉందంటే ఎవరు నమ్ముతారు?"

పైన ఎడమవైపు దాలప్పగారి ముఖం వచ్చింది. రెండు ముందుకాళ్ళు జోడించి నమస్కారం పెడుతున్నట్టు వేయమన్నారు. అధ్యక్షులు వచ్చాక ఉపాధ్యక్షులు ఊరుకుంటారా? నెమలి నీలకంఠం పురివిప్పుకుని మరీ వచ్చాడు.

"నాది పెద్ద పురి, సగం విప్పితే అపశకునం. పూర్తిగా వేయి. ఇంకోమాట, ఈ పళ్ళేమిటమ్మా ఇంత ఘోరంగా? చూసినవాళ్ళు జడుసుకోరూ?"

"జడుసుకోవాలనే కదండీ."

"జడిపించడం మన సంస్కృతి కాదు."

ముత్యాలు నక్కవైపు చూసింది. నక్క ఆకాశంవైపు చూశాడు. పళ్ళు ముప్పై నుంచి ఎనిమిదయ్యాయి, జింక కాలు పోయింది.

మూడో రోజు మొసలి సన్యాసిరావు వచ్చాడు. ఆయన కూడా సభలో సభ్యుడే, పాతరేవు వార్డు ఆయనది. బోర్డు పెట్టాలన్న తీర్మానాన్ని బలపరిచింది కూడా ఆయనే. అందరికంటే మర్యాదగా మాట్లాడింది ఆయనొక్కడే.

"కళాకారులంటే నాకు గౌరవం తల్లీ. ఏం రంగులు, ఏం గీత! నాకు అభ్యంతరమే లేదు. కాకపోతే పోలిక రాలేదు. నేనెప్పుడూ అంత నోరు తెరుచుకుని ఉండను. ఏ కాసేపో, పనుంటేనే. మిగతా పొద్దంతా నోరు మూసుకుని, చిరునవ్వుతో, నీళ్ళలో అడ్డంగా పడుకుని ఉంటాను. నిజమే గీయమంటున్నాను."

ముత్యాలు కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళకు తన గీతను మెచ్చుకున్నవాడు దొరికాడు. ఆ మురిపెంలో నోరు మూసేసింది, అంటే బొమ్మలో మొసలి నోరు.

ఆ తరవాత మిగతా సభ్యులు ఒక్కొక్కరే వచ్చారు. మొత్తం పదహారు ముఖాలు. హోదానుబట్టి ముఖం సైజు, అందరూ నమస్కారాలే. పైనుంచి ముఖాలు దిగుతున్నకొద్దీ మొసలి నలిగి నలిగి అడుగున ఆకుపచ్చ పట్టీలా మిగిలింది.

ఆ సాయంత్రం ముత్యాలు నక్క దగ్గరికి వెళ్ళింది.

"బాబాయ్, ఇది చూసి ఎవరూ ఆగరు. నా మొదటి బొమ్మే పెడదాం."

"వెర్రిదానా, మొదటి పనిలోనే పేచీ పెడితే రెండో పని వస్తుందా? ఒక్కసారి బోర్డు లేవనీ, నీ పేరుంది కదా కింద."

ముత్యాలుకు ఆ ఐదు జింకలు గుర్తుకొచ్చాయి. ఎర్రయ్య కొట్టు కూడా గుర్తుకొచ్చింది. కొట్టే గెలిచింది. ఆ సంగతి తలుచుకుంటే దానికి ఇప్పటికీ సిగ్గే.

తెల్లారి చూస్తే ఇంకో సభ్యుడు మిగిలిపోయాడు, తాబేలు. ఆయన వచ్చేసరికే ఆలస్యమైంది. చోటు ఎక్కడుంది? కింద మూలన ఉంది. ముత్యాలు పేరు చెరిపి అక్కడ తాబేలు ముఖం వేయించారు. దాంతో ముఖాలు పదిహేడయ్యాయి.

"బాధపడకు. గీసింది నువ్వని లోకానికి ఎలాగూ తెలుస్తుంది" అన్నాడు నాగభూషణం.

బోర్డు పాతే రోజు వచ్చింది. జింకలు వచ్చే కొండదారివైపు తిప్పి పాతుతుంటే నీలకంఠం అడ్డుపడ్డాడు. అటు తిప్పితే ముఖాల మీద నీడ పడుతుందట, నీళ్ళవైపు తిప్పితే ఉదయపుటెండ తగిలి ముఖాలు తళతళలాడతాయట. సరేనని నీళ్ళవైపే తిప్పారు. అంటే, నీళ్ళదాకా దిగి వెనక్కి తిరిగి చూస్తేగాని నీళ్ళకు దిగవద్దనే బోర్డు కనబడదు.

కప్పలమేళం మోగుతోంది. సరిగ్గా ఆ వేళకే ఆరు కొండజింకలు దాహంతో రేవుకు వచ్చాయి. బోర్డు చుట్టూ తిరిగి ముందుకొచ్చి నిలబడ్డాయి. వాటిలో పెద్దది తలెత్తి చూసింది.

"ఎవరిదో పెళ్ళిలా ఉందర్రా! చూడండి, అందరూ దండాలు పెట్టి ఎంత మర్యాదగా పిలుస్తున్నారో. మనం జారిపోకుండా కింద పచ్చరాయితో మెట్టు కూడా కట్టించారు."

జింకలు నీళ్ళవైపు తిరిగాయి. బొమ్మలో ఉన్నట్టే నీళ్ళలో అడ్డంగా పచ్చటి మెట్టు ఉంది. దానికి చిరునవ్వు కూడా ఉంది.

చెట్టుమీదున్న ముత్యాలు అది చూసింది. "అది మెట్టు కాదు! దిగొద్దు, దిగొద్దు!" అని అరిచింది. మేళంలో ఉడత అరుపు ఎవరికి వినబడుతుంది?

ఆ జింకలు ముందుకాలు ఎత్తాయి. వాటికి అడ్డంగా దాలప్పగారు వచ్చారు. ఆయన చూపంతా బోర్డు మీదే ఉంది.

"నీలకంఠం, నీ ఈకలు నా కొమ్ములకంటే ఎత్తుగా ఉన్నట్టున్నాయే?"

"దగ్గరనుంచి అలాగే అనిపిస్తుంది సార్. కాస్త దూరంనుంచి చూడండి."

దాలప్పగారు బోర్డునే చూస్తూ ఒకడుగు వెనక్కి వేశారు. ఇంకా ఎత్తుగానే ఉన్నాయి. ఇంకో అడుగు. ఇంకో అడుగు. వెనకకాళ్ళకు నీళ్ళు తగిలాయి, తరవాత గట్టిగా ఏదో తగిలింది.

"మెట్టు కూడా కట్టించామా? ఏ పద్దు కింద?" అన్నారు.

ఆ తరవాత ఆయన పెట్టిన రంకెకు మేళం ఆగిపోయింది, జింకలు తిరిగి చూడకుండా కొండెక్కేశాయి. అధ్యక్షులవారు ఒడ్డుకొచ్చారు గాని ఆయన తోక రాలేదు.

"నా వీపు మీదికి ఎక్కింది ఆయనే. నేను బొమ్మలో ఉన్నట్టే కదలకుండా పడుకున్నాను" అన్నాడు సన్యాసిరావు, నోరు తుడుచుకుంటూ.

అప్పటికప్పుడే విచారణ సంఘం కూర్చుంది. ముఖాలు వేయించుకున్నవాళ్ళే సభ్యులు. బోర్డును తప్పుబట్టలేరు, అందులో వాళ్ళే ఉన్నారు. తీయించనూలేరు, తీస్తే పదిహేడుగురికి అవమానం.

"ఇంతకూ ఈ బొమ్మ గీసిందెవరు?" అని దాలప్పగారు గర్జించారు.

"ముత్యాలు!" అన్నాయి పదిహేడు గొంతులు ఒక్కసారిగా. ఆ సభలో ఏకగ్రీవమైన మాట అదొక్కటే. ఆ దోషి పేరు ప్రతి చెట్టు మీదా మనిషెత్తు అక్షరాలతో రాయించాలని తీర్మానించారు. రాయించే కాంట్రాక్టు నాగభూషణానికే వచ్చింది.

ముత్యాలు మూడురోజులు తొర్రలోంచి బయటికి రాలేదు. నాలుగో పొద్దున ఎవరో తట్టారు. ఎలుగుబంటి ఎర్రయ్య, వెనకాల కుందేలు, ఆ వెనకాల ముంగిస.

"ఏ చెట్టు చూసినా నీ పేరేనమ్మా! ఇంత పెద్ద ఆర్టిస్టువని చెప్పొద్దూ? మా కుండల మీద నువ్వే వేయాలి" అన్నాడు ఎర్రయ్య.

"నేను గీసిన బోర్డు చూశారా బాబాయ్?"

"చూడలేదు. చూసే పనేముంది, అధ్యక్షులవారి తోక చూశాం కదా. బొమ్మకు అంత పవరున్నవాళ్ళు అడవిలో ఇంకెవరున్నారు?"

మధ్యాహ్నం కొంగ వచ్చింది, సన్యాసిరావు కబురుతో. బొమ్మ ఆయనకు తెగ నచ్చిందట. కింది రేవుకు కూడా అచ్చం అలాంటిదే ఒకటి కావాలట. ఏం అడిగితే అది ఇస్తాడట.

ముత్యాలు కొంగను తొర్ర దగ్గరే వదిలేసింది. ఎర్రమట్టి, మసి తీసుకుని పాతరేవుకు నడిచింది. బోర్డు ముందువైపు పదిహేడు నమస్కారాలు అలాగే మెరుస్తున్నాయి. కొండదారివైపున్న చెక్క వెనకభాగం ఖాళీగా ఉంది. ఏ సభకూ చూపించకుండా, ఎవరి ఒప్పుదలా అడగకుండా, దానినిండా ఒకటే నోరు గీసింది. నోటినిండా పళ్ళు, పళ్ళ మధ్య ఒక జింక కాలు. ఆ కాలు గీస్తున్నప్పుడు దానికి ఏడుపొచ్చింది. పేరు మాత్రం రాయలేదు.

ఆ వేసవిలో పాతరేవుకు ఒక్క జింకా దిగలేదు. సన్యాసిరావు చిక్కి సగమయ్యాడు. జింకల ప్రాణాలు కాపాడిన ఘనత ఎవరిదని ప్రశ్న వచ్చినప్పుడు, అది దాలప్పగారి ముందుచూపేనని సభ తీర్మానించి, తోకలేని ఆయన మెడలో దండ వేసింది.

నీతి: బొమ్మ పనికొస్తే వేయించినవాడి పేరు, పనికిరాకపోతే వేసినవాడి పేరు; కనుక పైకి రాదలచినవారు మొదటి బొమ్మ చెడగొట్టుకోవడమే క్షేమం.