కూడితే ఐదు వచ్చే బార్‌కోడ్లు

ఆ గురువారం ఉదయానికి భువన వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి రహమత్ నగర్ గోడౌన్ నుంచి లారీ బయల్దేరాలి. తొమ్మిదింటికి జూబ్లీహిల్స్‌లో షూటింగ్ జరిగే బంగళా ముందు ఆగాలి. పదింటికి తను కాంట్రాక్టు మీద సంతకం పెట్టాలి. పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. తనకొక తండ్రి ఉన్నాడన్న సంగతే అందులో రాసుకోవడం మరిచిపోయింది.

ఆ తండ్రి చలపతిరావు ముప్పయ్యేళ్లుగా సినిమాలకు సామాను అద్దెకిస్తున్నాడు. సింహాసనం దగ్గర్నుంచి చిల్లు చెంబు దాకా ఆయన గోడౌన్‌లో లేని వస్తువు లేదు. మనిషి మంచివాడే గానీ అంకెల పిచ్చి ఉంది. శ్రీనగర్ కాలనీలో ఒక సిద్ధాంతి చెప్పాడని ఫిల్మ్‌నగర్ ఆఫీసు బోర్డు మీద తన పేరులో మూడు అక్షరాలు ఎక్కువ రాయించాడు. పెయింటరుకు ఖర్చయింది తప్ప వ్యాపారానికి ఒరిగిందేమీ లేదు. ఇప్పుడు సెట్టు వేసేవాళ్లంతా అన్నీ ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటున్నారు. నెలాఖరులోగా పెద్ద కాంట్రాక్టు రాకపోతే గోడౌన్ ఖాళీ చేసి జిమ్ వాళ్లకు ఇచ్చేస్తానని ఆయన మాట కూడా ఇచ్చేశాడు. అదే జరిగితే పాతికేళ్లుగా అక్కడ పనిచేస్తున్న బాలమణితో సహా పదకొండు మంది రోడ్డున పడతారు. భువనకు ఆ గోడౌన్ అంటే ప్రాణం. చిన్నప్పుడు సెలవులన్నీ ఆ సింహాసనం మీదే గడిపింది.

అలాంటి సమయంలో క్రాంతికుమార్ దేవుడిలా ఫోన్ చేశాడు. అతనొక వెబ్ సిరీస్‌కు ప్రొడక్షన్ మేనేజర్. అరవై రోజుల షూటింగ్‌కు కావలసిన సామానంతా ఒక్కచోటే తీసుకుంటానన్నాడు. షరతు ఒకటే. ప్రతి వస్తువుకూ బార్‌కోడ్ ఉండాలి, పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ స్కాన్ కావాలి. పాత సప్లయర్ ఒక రథం పంపి రెండు రథాలు తిరిగి అడిగాడట.

భువన రెండు వారాలు నిద్ర మానుకుంది. చదరపు క్యూఆర్ కోడా, గీతల కోడా అని ఆలోచించి గీతలే ఎంచుకుంది. మెరిసే స్టిక్కర్ అయితే లైట్లకు తళుక్కుమంటుందని మెరవని కాగితం తెప్పించింది. కెమెరాకు చిక్కకూడదని వేలిగోరంత చేసింది. అందుకే దాని మీద వస్తువు పేరు పట్టలేదు, నాలుగంకెలూ గీతలూ మాత్రమే పట్టాయి. ఇంట్లో రెండు నమూనాలు తీసి పరీక్షించింది. భేషుగ్గా పనిచేశాయి. మిగతావి ప్రింట్ చేయించే పని నాన్న ఆప్యాయంగా తన మీద వేసుకున్నాడు. ఆదివారం పనివాళ్లు వరస తప్పకుండా అన్నిటికీ అంటించారు. వరస చూశారు గానీ అంకెలు ఎవరూ చూడలేదు.

గురువారం సీను పెళ్లిచూపులు. భువన ముందుగానే బంగళాకు చేరి క్రాంతికుమార్ పక్కన ధీమాగా నిలబడింది. ఏడున్నరకు బాలమణి ఫోన్ వచ్చింది. గోడౌన్‌లో సామాను అటూ ఇటూ చేసే పనికి ఆమే పెద్ద.

"బిడ్డా, గీ మిషిని సోఫా అంటున్నది. నాకైతే కోర్టుల నిలవడే బోను లెక్క కనిపిస్తున్నది."

"స్క్రీన్ మీద పచ్చ రంగు వచ్చిందా అక్కా?"

"అచ్చింది."

"అయితే ఎక్కించెయ్. నిన్ననే చెప్పానుగా, కళ్లతో వెతకొద్దని? మొదటి అర నుంచి వరసగా స్కాన్ చేసుకుంటూ పో. పచ్చ రంగు వస్తే ఇవాళ్టి లిస్టులో ఉన్నట్టే, లారీలో పెట్టు."

స్కానర్ వచ్చిన రోజు నుంచీ బాలమణికి దానితో పడటం లేదు. దాన్ని తుపాకీ అని పిలుస్తుంది. పైగా ఆ సోఫా పాతది, చుట్టూ చెక్క కటకటాలుంటాయి. వెటకారమాడుతోందనుకుంది భువన. పది నిమిషాలకు మళ్లీ ఫోన్.

"టీపాయి అన్నదానికి చక్రాలున్నయ్ బిడ్డా. పేషెంట్లను పండవెట్టి తోసుడు బండి గిది."

"పచ్చ రంగు?"

"పచ్చగనే ఉన్నది. వీణకు పచ్చగున్నది, అది యముడి గద. పూలకుండీకి పచ్చగున్నది, అది ఎవరిదో దండేసిన ఫోటో. ఎవరిదో ఏంది, మన సారుదే. ఎండి పళ్లెం, గోడ గడియారం మాత్రం ఎంత ఎతికినా లేవంటున్నది."

"అక్కా, నీకు దండం పెడతాను. ఈ ఒక్కరోజూ నీ తెలివి పక్కన పెట్టు. పక్కన మేనేజర్ గారున్నారు."

"మంచిది బిడ్డా. నువ్వెట్లంటే గట్లనే" అని బాలమణి ఫోన్ పెట్టేసింది. పాతికేళ్ల పరిచయంలో బాలమణి అంత తేలిగ్గా ఒప్పుకున్నది అదే మొదటిసారి. భువన అనుమానించాల్సింది అక్కడే.

ఇక్కడ బంగళా యజమానురాలు శారదాదేవి గురించి చెప్పాలి. ఆవిడ ఇల్లు షూటింగులకిస్తుంది గానీ, శుభకార్యాల సీన్లయితేనే ఇస్తుంది. పెళ్లిళ్లు, సీమంతాలు, పుట్టినరోజులు. చావు, ఆసుపత్రి, కోర్టు తన గడప తొక్కకూడదని కాగితం మీద రాయించుకుంటుంది. గతంలో ఒక దర్శకుడు గుండెపోటు సీను పెడితే హీరోయిన్ తండ్రిని వీధిలోకి వెళ్లి చనిపొమ్మంది.

తొమ్మిదింటికి లారీ వచ్చింది. ముందుగా బోను దిగింది. తరువాత స్ట్రెచర్ దిగింది. దాని మీద గద, గద పక్కన దండ వేసిన ఫోటో. క్రాంతికుమార్ చేతిలో లిస్టు చూశాడు, స్ట్రెచర్ చూశాడు, మళ్లీ లిస్టు చూశాడు. శారదాదేవి మెట్ల మీది నుంచి అంతా చూసింది.

"ఏమయ్యా, పెళ్లిచూపులకి స్ట్రెచరెందుకు? కాఫీలో ఏం కలుపుతున్నారు?"

"మేడమ్, చిన్న మిస్టేక్..." అన్నాడు క్రాంతికుమార్.

"బోనెందుకు? పెళ్లికూతుర్ని అందులో నిలబెట్టి పాట పాడమంటారా? ఆ ఫోటోలో చచ్చిపోయినాయన ఎవరు? నా ఇంట్లోకి శవాల ఫోటోలు తెస్తారా? తీసెయ్యండి! షూటింగూ లేదు, ఏమీ లేదు!"

ఫోటో చలపతిరావుది. సినిమాల్లో చనిపోయిన తండ్రి ఫోటో కావాలంటే ముక్కూ ముఖం తెలియనివారిది పెట్టడం ఎందుకని ఆయన తనదే ఇస్తుంటాడు. ఇప్పటికి నలభై సినిమాల్లో గోడకెక్కాడు. ఆ సంగతి గర్వంగా చెప్పుకుంటాడు కూడా. సరిగ్గా అదే సమయానికి, తన బార్‌కోడ్ల వైభవం కళ్లారా చూడాలని, వెంగళరావు నగర్ ఇంటి నుంచి పూతరేకుల పొట్లంతో ఆయన గేటు లోపలికి అడుగుపెట్టాడు.

"నమస్కారమండీ" అన్నాడు నవ్వుతూ.

శారదాదేవి ఫోటో వైపు చూసింది. ఆయన వైపు చూసింది. ఫోటోలోనూ అదే నవ్వు. ఆవిడ "అమ్మో" అని వెనక్కి వాలిపోయింది. క్రాంతికుమార్ పట్టుకుని, దగ్గరలో ఇంకేమీ లేకపోవడం వల్ల, స్ట్రెచర్ మీదే కూర్చోబెట్టాడు. మంచినీళ్లు తాగి, చలపతిరావు కాళ్లు నేలకు తగులుతున్నాయో లేదో చూసుకున్నాక గానీ ఆవిడకు ప్రాణం కుదుటపడలేదు.

భువన తండ్రిని పక్కకు లాగింది. "నాన్నా, నిజం చెప్పు. ప్రింటుకిచ్చిన ఆ బార్‌కోడ్ల ఫైలును ఏం చేశావు?"

"ఏం చేశానే? మంచే చేశాను. నీ అంకెల్లో బలం లేదన్నాడు సిద్ధాంతి. కూడితే ఐదు రావాలన్నాడు. రానివాటికి చివరంకె ఒక్కటే మార్చాను. మిగతా మూడంకెలూ ముట్టుకుంటే ఒట్టు. వారం పట్టింది, కళ్లు వాచిపోయాయి."

భువన మనసులో లెక్క వేసింది. వెయ్యిన్నీ పది నుంచి వెయ్యిన్నీ పంతొమ్మిది దాకా, చివరంకె మాత్రమే మార్చి ఐదు రప్పించాలంటే దారి ఒక్కటే, వెయ్యిన్నీ పదమూడు. అది సోఫా నంబరు. అంటే మొదటి పది వస్తువులూ సోఫాలే. తరువాత పదీ టీపాయిలు. గోడౌన్‌లో పదమూడు వందల వస్తువులుంటే, మిషన్ దృష్టిలో వాటికి మిగిలినవి ఏ నూట ముప్పయ్యో నూట నలభయ్యో పేర్లు. వెండి పళ్లెం, గోడ గడియారం నంబర్లు ఆ లెక్కలోనే మాయమయ్యాయి. ఆమె గేటు దిమ్మె మీద కూలబడింది. తండ్రి మీద కోపం కంటే తన మీద సిగ్గు ఎక్కువగా వేసింది. ఆయన వారం రోజులు కళ్లు వాచేలా కష్టపడ్డాడు. తను మాత్రం నాలుగుసార్లు నిజం చెప్పిన మనిషిని నోరు మూసుకోమంది.

"కాంట్రాక్టు పోయినట్టేనా అమ్మా?" అన్నాడు చలపతిరావు.

ఆ క్షణంలో గేటు ముందు ఒక ట్రాలీ ఆటో ఆగింది. ముందు సీట్లోంచి బాలమణి దిగింది. వెనక సోఫా, టీపాయి, వీణ, పూలకుండీ, వెండి పళ్లెం, గోడ గడియారం. గడియారం తొమ్మిదీ ఇరవై చూపిస్తూ నడుస్తోంది కూడా.

"అక్కా! ఇవెలా..."

"మిషిని చెప్పినయి లారీల పంపిన. నీకు కావల్సినయి నేను పట్టుకచ్చిన. నువ్వు తెలివి పక్కకు పెట్టమన్నవ్ గదా బిడ్డా, పక్కకే పెట్టిన. పారెయ్యలే."

పదిహేను నిమిషాల్లో హాలు పెళ్లివారిల్లయింది. శారదాదేవి మాత్రం ఇంకా బిగుసుకునే ఉంది. "ఇంత అపశకునం జరిగాక నా ఇంట్లో ఎలా తియ్యనిస్తాను?" అంది.

బాలమణి కొంగు దోపుకుంది. "అపశకునం ఏంది దొరసానమ్మా? దండేసిన మనిషి నడుసుకుంట మీ ఇంట్లకి అచ్చిండు, చేతుల మిఠాయి గిట్ల తెచ్చిండు. దీనికన్న శుభం ఇంకేముంటది?"

శారదాదేవి ఆలోచించింది. పూతరేకు ఒకటి తీసుకుని కొరికింది. రెండోది తీసుకున్నాక "సరే, కానివ్వండి" అంది.

పదకొండింటికి మొదటి షాట్ అయ్యాక క్రాంతికుమార్ వచ్చాడు. భువన క్షమాపణకు నోరు తెరిచేలోగానే అందుకున్నాడు. "మేడమ్, పదేళ్లుగా ఈ ఫీల్డులో ఉన్నాను. తప్పు జరగని సప్లయర్ని చూళ్లేదు. తప్పు నేను ఎత్తిచూపేలోపే దిద్దుకున్నవాళ్లని మాత్రం ఇవాళే చూశాను. సంతకం పెట్టండి. కానీ లారీ బయల్దేరే ముందు మిషనూ ఒప్పుకోవాలి, ఆవిడా ఒప్పుకోవాలి. అది కాంట్రాక్టులో రాయిస్తున్నాను."

భువన సంతకం పెట్టింది. అక్షరాలు వంకరపోయాయి, కళ్లలో నీళ్లు ఆగలేదు. బాలమణి దగ్గరికి వెళ్లి చెయ్యి పట్టుకుంది. "తప్పు నాదే అక్కా. నీ మాట వినాల్సింది."

"గిదేం పెద్ద తప్పు? చిన్నప్పుడు గా సింహాసనం మీద పాయసం ఒలకవోసినవ్, అది పెద్ద తప్పు" అంది బాలమణి.

ఆ మధ్యాహ్నమే గోడౌన్‌లో పని మొదలైంది. బాలమణి పేరు చెబితే భువన కొత్త కోడ్ తయారుచేసింది. సాయంత్రానికి రిజిస్టర్‌లో లేని వస్తువులు డెబ్బై రెండు బయటపడ్డాయి. బాలమణికి వాటన్నిటి చరిత్రా తెలుసు, ఎవరూ అడగలేదంతే. చలపతిరావు జిమ్ వాళ్లకు ఫోన్ చేసి, ఖాళీ చేసే ఆలోచన మానుకున్నామని చెప్పి, పిల్లాడిలా నవ్వుకుంటూ వచ్చి స్టిక్కర్లు అంటించడానికి కూర్చున్నాడు. ఆయన పనితనం చూసి అందరూ మెచ్చుకున్నారు. కంప్యూటరున్న గది తాళంచెవి మాత్రం అప్పటి నుంచి బాలమణి కొంగుముడిలోనే ఉంటోంది.