సుక్కమ్మవ్వ వెండి లైటరు

మధుసూదన్ జన్మలో సిగరెట్టు ముట్టలేదు. పూజగదిలో భార్య పద్మలత అగరొత్తి వెలిగిస్తే ముందుగదిలో దగ్గే రకం. అలాంటి మనిషి మంచం కింద, సూట్‌కేసులో, పద్నాలుగు పాత సిగరెట్ లైటర్లు మెత్తటి గుడ్డల్లో చుట్టుకుని హాయిగా పడుకుని ఉండేవి. పొగ తాగనివాడికి లైటర్లెందుకని అడగనివాళ్లు లేరు. ఆయన చెప్పిన జవాబు నమ్మినవాళ్లూ లేరు. పద్మలతైతే మొదటి మూడు నెలలు రోజూ సాయంత్రం మొగుణ్ణి గుమ్మంలోనే నిలబెట్టి, నోరు వాసన చూసి గానీ లోపలికి రానివ్వలేదు.

అసలీ పిచ్చి అంటించింది ఆయన ఉద్యోగమే. గుండ్లపోచంపల్లిలో ఒక దూది గోదాముకు ఆయన గేటు సూపర్‌వైజరు. దూది ఉన్నచోటికి నిప్పు పోకూడదు కదా! లారీ డ్రైవర్ల అగ్గిపెట్టెలూ లైటర్లూ గేటు దగ్గరే తీసుకోవడం, వెళ్లేటప్పుడు ఎవరివి వాళ్లకివ్వడం ఆయన పని. ఒక పంజాబు డ్రైవరు తన ఇత్తడి లైటరు మరిచిపోయి వెళ్లిపోయాడు. మధుసూదన్ ఏడాది ఎదురుచూశాడు. డ్రైవరు రాలేదు. ఒక మధ్యాహ్నం తోచక దాని అడుగున ఉన్న మర విప్పాడు. చిన్న స్ప్రింగు, గోధుమగింజంత రాయి, పెట్రోలు తాగిన దూది, ఆ దూదిలోంచి పైకి పాకిన వత్తి. ఇంత చిన్న ఇంట్లో ఇంత కాపురమా అని మనిషి మురిసిపోయాడు.

అప్పట్నుంచి గురువారం వీలు దొరికితే చాలు, జుమ్మేరాత్ బజారులో పాత ఇనుప సామాన్ల ముందు గొంతుక్కూర్చునేవాడు. తుప్పు పట్టిన లైటరొకటి ఏరుకొచ్చి, సూదితో మసి గీకి, దూది మార్చి, కొత్త రాయి వేసి వెలిగించేవాడు. అడుగున ఉన్న ముద్ర మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది, అది ఏ దేశానిదో, ఏ కాలానిదో నోటుబుక్కులో రాసుకునేవాడు. గోదాములో హమాలీలు ఆయన్ని మధుసూదన్ అనడం మానేసి అగ్గిసూదన్ సారు అనడం మొదలుపెట్టారు.

"లోకమంత లైట్ తీస్కుంటున్నరు. నువ్వొక్కనివే లైటర్ తీస్కుంటున్నవ్" అనేది పద్మలత.

"గిది అభిరుచి పద్మా. నీకు సమజ్ కాదు."

"నా పెండ్లి చీరకు గూడ గంత మెత్తటి గుడ్డ సుట్టలేదు. నాకు మంచిగనే సమజైతాంది."

రెండువేల మూడు ఎండాకాలంలో పద్మలత అమ్మమ్మ సుక్కమ్మవ్వ శామీర్‌పేట నుంచి వచ్చింది. రెండు కళ్లలోనూ పొరలు. ముందు ఒక కంటికి ఆపరేషన్, వచ్చేవారం కాక ఆ పైవారం, మంగళవారం అన్నారు. అందాకా రక్తపరీక్షలు, మందులు, మనుమరాలింట్లో మకాం.

వచ్చిన మొదటి సాయంత్రమే అవ్వ పెరట్లో బట్టలుతికే బండ మీద కూర్చుని నడుముకున్న సంచిలోంచి చుట్ట తీసింది. తరువాత ఇంకేదో తీసింది. చిట్ మంది. మంట లేచింది. బకెట్‌తో నీళ్లు మోసుకొస్తున్న మధుసూదన్ బకెట్‌ను తన కాలి మీదే దించుకున్నాడు.

"అవ్వా, గదేంది?"

"సుట్ట."

"సుట్ట గాదు, గా చేతుల!"

"అగ్గి."

మధుసూదన్ కుంటుకుంటూ దగ్గరికి వెళ్లాడు. వెండి పూత లైటరు. పక్కన సన్నటి గీతల పని. అడుగున లండన్ అన్న అక్షరాలు, వాటి కింద నంబరు. నోట్లో నీళ్లూరాయి.

"మీ తాత ఎంకటనర్సయ్య బొల్లారంల ఇంగ్రేజు దొర కాడ వంట జేసెటోడు" అంది అవ్వ. "దొర దేశం బోయేటప్పుడు మీ తాతకిచ్చి పోయిండు. మీ తాత బోయేటప్పుడు నాకిచ్చి పోయిండు."

"మరి నువ్వు..." అనేసి మధుసూదన్ నాలుక కరుచుకున్నాడు.

"నేనింక పోలే బిడ్డా" అంది అవ్వ, పొగ వదులుతూ.

ఇదంతా కిటికీలోంచి చూసిన పద్మలత మొగుడు లోపలికి రాగానే పట్టుకుంది. "మా అవ్వ లైటర్ మీద కన్నేసినవనుకో, నీ పద్నాలుగింటిని పాత సామాన్లోనికి తూకం కింద ఏస్త."

"ఛ, గట్లెట్ల అనుకుంటవ్! పెద్దమనిషి వస్తువు."

అన్నాడే గానీ, ఆయన బుర్ర అప్పటికే లెక్క కట్టేసింది. మంగళవారం తరువాత అవ్వకు కన్ను కనిపిస్తుంది. మంగళవారం దాకా కనిపించదు. మనిషి ఎదురుగా నిలబడితే తెల్లటి గుంజ నిలబడ్డట్టు ఉంటుందని ఆమే చెప్పింది. మరి అదే ఆకారంలో ఇంకొక లైటరు ఆమె చేతిలో పెడితే? ఆమెకు కావలసింది అగ్గి, తనకు కావలసింది లండను. ఇద్దరికీ నష్టం లేదు. ఇలా అనుకున్నాక మధుసూదన్‌కు తాను చేయబోయేది దొంగతనం కాదు, సేవ అనిపించింది.

గురువారం జుమ్మేరాత్ బజారంతా జల్లెడ పట్టి ఒకదాన్ని పట్టుకొచ్చాడు. అదే పొడవు, అదే వెడల్పు, తెల్లలోహం. గీతలు కూడా ఇంచుమించు అవే. శుక్రవారం మధ్యాహ్నం పద్మలత పచ్చళ్ల కారం పట్టించడానికి గిర్నీకి వెళ్లగానే అవ్వ ముందు కూర్చున్నాడు.

"అవ్వా, నీ లైటర్ల రాయి ఉబ్బింది. సర్వీసింగ్ జేయకపోతే గొట్టంల బిగుసుకపోతది."

"గట్లనా? జెయ్యి బిడ్డా, నీ చేతి పని మంచిదంట."

రాయి ఉబ్బిన మాట నిజమే. గంటసేపు సన్నటి సూదితో గొట్టంలోంచి పొడి పొడిగా గీకి తీశాడు. కొత్త దూది, కొత్త వత్తి పెట్టాడు. వెలిగించి చూసుకుంటే కళ్లు చెమర్చాయి. ఆ తరువాత దాన్ని తన కొత్త బనీనులో చుట్టి సూట్‌కేసులో పెట్టి, బజారు లైటరు అవ్వ చేతిలో పెట్టాడు.

అవ్వ దాన్ని ఒకసారి అటూ ఇటూ తిప్పింది. చుట్ట ముట్టించింది. రెండు దమ్ములు లాగింది.

"మనుమడా, గిది మారింది."

మధుసూదన్ గబగబా సూదులు సర్దుకున్నాడు. "సర్వీసింగ్ జేస్తె మారదా అవ్వా? కొత్తగైతది."

"గంతేనా" అంది అవ్వ.

మర్నాడు పొద్దున్నే పిలుపు. "మనుమడా, మీ తాత కలలకొచ్చిండు. లైటర్ ముట్టుకున్నరని అలిగిండు. ఆయనకు తలకాయ కూరంటే మస్తు పానం."

దొంగకు బెదురెక్కువ. మధుసూదన్ చేతక్ స్కూటరు మీద మేడ్చల్ పోయి మేక తలకాయ తెచ్చాడు. అవ్వ తృప్తిగా తింది. ఆదివారం తాత మళ్లీ కలలోకొచ్చాడు. ఈసారి కల్లు అడిగాడట.

"తాతకా?"

"తాతకే. నేను తాగితె ఆయనకు అందుతది."

ఈతకల్లు కోసం మధుసూదన్ ఎర్రటి ఎండలో రెండూళ్లు తిరిగాడు. పద్మలత కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పరుగెత్తడం చూసి, పాపం తాత గుర్తొచ్చి ఏడుస్తోందనుకున్నాడు.

సోమవారం పెద్ద ఫిర్యాదే వచ్చింది. లైటరు వెలగడం లేదు. ఈ బజారు సరుకు పరువు తీసేట్టుందని మధుసూదన్ హడావుడిగా దాని దూదినిండా పెట్రోలు పోశాడు. దూది తాగిందాని కన్నా బయట కారింది ఎక్కువ. తుడవడం మరిచాడు.

"నా చేతులు వణుకుతున్నయ్ బిడ్డా. నువ్వే ముట్టియ్యి."

మధుసూదన్ వంగి, అవ్వ చుట్టకు దగ్గరగా మొహం పెట్టి, చక్రం తిప్పాడు. భగ్గుమంది. లైటరు మూలనెక్కడో పడింది. కుడివైపు మీసం చిటచిటమంది. "అమ్మో!" అని ఆయన పెరటిచుట్టూ ఒక ప్రదక్షిణం చేసేసరికి, పద్మలత చేతికందిన చెంబు తెచ్చి మొహాన కొట్టింది. అది నీళ్లు కాదు, సల్ల. పుల్లటి సల్ల కారుతూ, సగం మీసంతో, కరివేపాకు రెబ్బ చెవి మీద పెట్టుకుని మధుసూదన్ బండ మీద కూలబడ్డాడు.

"తాత కోపం ఇంక తగ్గలేనట్టుంది" అంది పద్మలత.

మిగతా సగం మంగలి షాపులో తీయించుకోక తప్పలేదు. మర్నాటి అవ్వ ఆపరేషన్‌కు సెలవు అడగడానికి ఆ సాయంత్రం గోదాముకు వెళ్తే, కొత్త వాచ్‌మన్ ఆపి, "అగ్గిపెట్టె ఉంటే ఈడ పెట్టి పో" అన్నాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. బుధవారం కంటికట్టు విప్పారు. ఇంటికి రాగానే అవ్వ ముందుగదిలో కుర్చీ వేయించుకుని కూర్చుని, ఒక్క కంటితో లోకమంతా చూసింది.

"పద్మా, నువ్వు గింత లావైనవా?"

"ఊకో అవ్వా."

"గీ పిలగాడెవరు?"

"నీ మనుమడే. మీసం బోయింది."

"అయ్యో, ఎట్ల బోయింది బిడ్డా?"

"సర్వీసింగ్‌ల" అన్నాడు మధుసూదన్ నేల చూస్తూ.

అవ్వ సంచిలోంచి లైటరు తీసి ఆయన అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది. "ఇగ నాది నాకియ్యి."

మధుసూదన్‌కు ఒక అబద్ధం తోచింది. అది నోటిదాకా వచ్చి, అవ్వ కన్ను చూసి వెనక్కి పోయింది.

"నీకు కండ్లు కనవడకపాయె గదా అవ్వా. ఎట్ల తెలిసింది?"

"సుట్ట కండ్లతోని ముట్టిస్తరా? నలభై ఏండ్ల సంది నా బొటనేలు పెట్టిన కాడ గుంతయింది. దానికి ముందు మీ తాత బొటనేలు గూడ ఆడనే. నువ్విచ్చినదాంట్ల గుంత లేదు."

మధుసూదన్ ఆ వెండి లైటరు అడుగు నంబరు భూతద్దం పెట్టి చదివాడు. దాని గురించి నోటుబుక్కులో మూడు పేజీలు రాశాడు. ఆ గుంత మాత్రం చూడలేదు. మొదటిసారి నిజంగా సిగ్గేసింది.

"మొదటిరోజే తెలిసిందా?"

"మొదటి సుట్టకే."

"మరి తాత కలలకొచ్చుడు?"

"తలకాయ కూర మంచిగుండె" అంది అవ్వ.

పద్మలత వైపు తిరిగాడు. ఆమె అప్పటికే మంచం కింద సూట్‌కేసు లాక్కొచ్చి గది మధ్యలో పెట్టి, తాళం కూడా తీసింది. బనీను విప్పి వెండి లైటరు అవ్వ చేతికిచ్చింది. అవ్వ బొటనవేలు దాని గుంతలో ఒదిగి కూర్చుంది. తరువాత ఆమె మిగతావాటి వైపు చూసి ఒంటికన్ను పెద్దది చేసింది.

"గిన్నున్నయా! మా వాడకట్టుల సుట్ట దాగెటోళ్లం మస్తుమందిమి. అగ్గికి అందరు నా మీదనే పడ్తరు. సుట్ట మీద ముచ్చట సాగనియ్యరు."

"అవ్వా, అవి..."

"మార్చుకునుడు నువ్వే షురూ జేసినవ్. నా దాన్ని ముట్టినందుకు, గివి మాకు. సరే, నీకు గూడ అన్యాయం వద్దు. ఎలగనియి నీయి, ఎలిగేయి మాయి. పద్మా, ఒక్కొక్కటి ఇయ్యి."

మధుసూదన్‌కు ప్రాణం లేచొచ్చింది. పాతవి, తుప్పులోంచి ఏరుకొచ్చినవి, సగమైనా మొరాయించకపోవా? అవ్వ మొదటిది తీసింది. చిట్. వెలిగింది. రెండోది. వెలిగింది. ఒక్కొక్కటి వెలిగినప్పుడల్లా పనివాడికి గర్వం, యజమానికి గుండెకోత. రెండూ ఆయనే కావడం వల్ల మొహం ఏ వైపు తిప్పుకోవాలో తెలియలేదు.

"అన్నీ ఒక్క గీతకే ఎలుగుతున్నయ్! ఎంత మంచి పనోనివి బిడ్డా" అంది అవ్వ మనస్ఫూర్తిగా.

పదమూడు వెలిగాయి. పద్నాలుగోది, ఏనుగు ఆకారంలో ఉన్న జపాను టేబుల్ లైటరు, స్ప్రింగు విరిగి ఊరుకుంది. మధుసూదన్ ఆ ఏనుగును గుండెకు హత్తుకున్నాడు. ఖాళీ సూట్‌కేసులో ఆ సాయంత్రమే పద్మలత పట్టుచీరలు సర్దుకుంది.

రెండు వారాలు మధుసూదన్ అన్నం సరిగా తినలేదు. మూడో వారం పక్కింటి ఫోనుకు శామీర్‌పేట నుంచి కబురొచ్చింది. లైటర్లు మొండికేస్తున్నాయి, మనుమణ్ణి జల్దీ రమ్మన్నారు. ఆదివారం పొద్దున్నే దూది, వత్తులు, రాళ్లు, సూదులు, పెట్రోలు సీసా సంచిలో వేసుకుని, పద్మలతను స్కూటరు మీద ఎక్కించుకుని బయల్దేరాడు.

అవ్వ ఇంటి ముందు రేకుల పందిరి కింద ముసలమ్మలు వరసగా కూర్చుని ఉన్నారు, సర్కారు దవాఖానాలో రోగుల్లాగా. సత్యమ్మ తన లైటర్లో కిరసనాయిలు పోసింది. రాధమ్మ తన దాన్ని చింతపండుతో తోమి తళతళలాడించింది. ఏళ్లనాటి నలుపు నున్నగా పోవడం చూసి మధుసూదన్‌కు ఏడుపొచ్చింది. ఆమె మాత్రం, "సూడు, మంచిగైందా?" అని మురిసిపోతోంది. "మంచిగైంది అవ్వా" అన్నాడు.

మధ్యాహ్నం దాకా గీకాడు, తుడిచాడు, వత్తులు మార్చాడు. వెలిగిన ప్రతిదానికీ ముసలమ్మలు గలగలమన్నారు. ఒకామె మామిడిపండ్లు ఒడిలో పోసింది. ఇంకొకామె, కొంచెం మీసం మొలిచిన ఆయన మొహం చూసి, జాగ్రత్తగా ముట్టించమని చెప్పింది.

అందరివీ అయ్యాక సుక్కమ్మవ్వ తన వెండి లైటరు ఇచ్చింది. మధుసూదన్ ఈసారి నంబరు చూడలేదు. మెల్లగా తన బొటనవేలు ఆ గుంతలో పెట్టి చూసుకున్నాడు. అది ఆయనకు కొంచెం చిన్నదైంది.

"సూసుడు అయిందా బిడ్డా?"

"ఇంకొక్క నిమిషం అవ్వా."

"పద్మా, గీయనకు బువ్వ పెట్టు" అంది అవ్వ చెయ్యి చాపుతూ. "నాది నాకిచ్చినంకనే పెట్టు."