చేదెక్కని నేలవేము

ఒక పెద్ద అడవిలో జ్వరాలు పెరిగి, వాటికి మందైన నేలవేము మొక్క దొరక్కుండా పోయింది. దాంతో సింహంగారు ఔషధ కేంద్రం పెట్టించారు. నేలవేము ఆకు ముక్కల్ని సీసాల్లో పెట్టి, తీపినీళ్లు పోసి పెంచడం అక్కడి పని. డైరెక్టరు ఎలుగుబంటిగారు. సీసాలు చూసుకునేది మాణిక్యాంబ అనే ముంగిస.

మాణిక్యాంబ ఈ ఉద్యోగం కోసం ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకొని ఎక్కడో ఏటి అవతలి నుంచి వచ్చింది. పరాయి చోటని భయం. పిల్లలకు కాచని నీళ్లు ఇచ్చేది కాదు. సీసాల్నీ అలాగే పెంచింది. దుమ్ము లేదు, పురుగు లేదు, ఈదురుగాలి లేదు.

ముక్కలు ముద్దుగా, బొద్దుగా పెరిగాయి. కానీ చేదు లేదు. ఆ చేదే మందు.

"ఇది నేలవేమా, తోటకూరా మాణిక్యాంబగారూ?" అన్నారు ఎలుగుబంటిగారు ఆకు నములుతూ.

"పురుగో బూజో మీద పడితేనే మొక్క భయపడి చేదు పుట్టించుకుంటుందండి. నేను దేన్నీ దగ్గరికి రానివ్వలేదు. తప్పు నాదే."

ఆ సాయంత్రం ఇంటికెళ్లి పిల్లల వంక చాలాసేపు చూసింది. చిన్నదానికి ఒళ్లు కాలిపోతోంది.

మర్నాడు కాస్త బూజు తెచ్చి, చచ్చేదాకా మరిగించి, ఆ నీళ్లు ఒక సీసాలో చుక్క వేసింది. శత్రువు రాలేదు, వాసన మాత్రమే వచ్చింది. మొక్కకు అది చాలు. నాలుగు రోజుల్లో ఆకు నాలుక మీద పెట్టుకోలేనంత చేదెక్కింది.

"మా చిన్నదానికి రెండాకులు ఇప్పించండి," అంది మాణిక్యాంబ ఎలుగుబంటిగారితో.

"సింహంగారు చూడకముందేనా? ముందు అన్ని సీసాల్లోనూ వెయ్యండి. మరిగించడం దేనికి? చచ్చిన దొంగకు ఎవరు భయపడతారు? బతికున్న బూజే వెయ్యండి."

"అది మొక్కనే తినేస్తుందండి."

"మీ భయాలు మీ పిల్లల దగ్గర పెట్టుకోండి."

బతికున్న బూజే వేశారు. మాణిక్యాంబ మాత్రం పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, అడక్కుండా ఒక వస్తువు తీసుకుంది. ఆ చేదు సీసాను కొంగులో దాచి ఇంటికి పట్టుకుపోయింది.

బూజు తీపినీళ్లు తాగి, ఆకులు తిని, మూతల దాకా తెల్లగా ఎదిగింది. సింహంగారు వచ్చి చూశారు.

"అబ్బో, సీసాలన్నీ నిండాయే. ఈ తెలుపేమిటి?"

"పూత ప్రభూ," అన్నారు ఎలుగుబంటిగారు.

"చేదుగా ఉంటుందా?"

"ఆ చేదు తీయించేశాను ప్రభూ. పిల్లలు హాయిగా తాగుతారు."

ఎలుగుబంటిగారికి శాలువా కప్పారు. సీసా పోగొట్టినందుకు మాణిక్యాంబను పనిలోంచి తీసేశారు. ఆ పూటే చిన్నది రోజూలాగే ఆ చేదాకుల కషాయం తాగి, మొహం వికారంగా పెట్టి, అన్నం అడిగింది.

కొన్నాళ్లకు సింహంగారికే జ్వరం వచ్చింది. ఎలుగుబంటిగారు శాలువాతో చెమట తుడుచుకుంటూ మాణిక్యాంబ గుమ్మంలో నిలబడ్డారు.

"ఒక్క ఆకైనా మిగిలిందా అమ్మా?"

"మిగిలిందండి. లోపలికి రండి. ముందు కాళ్లు కడుక్కోండి, కాచిన నీళ్లు అక్కడున్నాయి."

నీతి: చేదు లేని మందుకు ఎన్ని సన్మానాలైనా చేయవచ్చు, మనకు జ్వరం రానంతవరకు.