మార్పులేని ఇసుక

"దేశంలో ఇంత తీరం ఉండగా ఉపగ్రహం మన ఇసకనే ఎన్నుకుంది! ఇది నా ఇరవై ఏళ్ళ కృషి!" అని ఎమ్మెల్యే విజయభాస్కర్ గారు విడవలూరు సముద్రపు ఒడ్డున మైకు పగిలేలా ప్రకటించారు. మండల విలేకరిని గనక అందరికన్నా ముందు నేనే చప్పట్లు కొట్టాను.

సంగతేమిటంటే, ఉపగ్రహంలో కెమెరా పాతబడేకొద్దీ రంగులు తప్పు చూపిస్తుందట. ఎప్పటికీ మారని నేల ఒకటి చూపించి, దాంతో పోల్చి సరిచేయాలట. సైంటిస్టు సుభాషిణి గారు పాత ఫోటోలన్నీ తిరగేసి ఈ ఇసుక మైదానాన్ని పట్టుకున్నారు.

"ఇరవై ఏళ్ళుగా ఇక్కడ చీమంత మార్పు లేదు సార్," అన్నారావిడ మెచ్చుకోలుగా.

"ఉండనిస్తానా మేడమ్!" అన్నారు ఎమ్మెల్యే గారు.

జనంలోంచి మాలకొండమ్మ లేచింది. చేపలు ఎండబెట్టి అమ్ముకునే మనిషి. "సామీ, చేపలు ఆరబోసుకునేదానికి సిమెంటు గచ్చు కట్టిస్తానని ఇక్కడే కదా ప్రతి ఎలక్షనుకీ టెంకాయ కొట్టినావు? ఇసక అంటిన చేపని ఒక్కడూ కొనడంలా. గచ్చు యాడ?"

"గచ్చు కట్టుంటే మన ఊరు ఉపగ్రహానికి ఎక్కేదా అక్కా? ముందుచూపుతోనే ఆపినాను!"

ఏం దూరదృష్టి! నాకు కళ్ళు చెమర్చాయి.

మర్నాడు పొద్దున ఉపగ్రహం మా మీదుగా పోతుందనీ, అప్పటిదాకా ఇసుక మీద పుల్ల కూడా పెట్టొద్దనీ సుభాషిణి గారు చేతులు జోడించి చెప్పి వెళ్ళారు. ఎమ్మెల్యే గారికి మనసు ఒప్పలేదు. అనుచరుడు పెంచల్‌ని పిలిచారు.

"అంత పైనుంచి చూసేదానికి ఉత్త ఇసక చూపిస్తామా? మర్యాద ఉండొద్దూ? ఫ్లెక్సీ వేయించు."

"కర్రలు యాడ పాతమంటావన్నా?"

"నిలబెడితే పైనుంచి ఎట్లా కనపడతాదిరా? పడుకోబెట్టు!"

తెల్లారేసరికి మైదానం నిండా ఎమ్మెల్యే గారే వెల్లకిలా పరుచుకుని ఆకాశానికి నమస్కారం పెడుతున్నారు. ఒక్కో పన్ను మంచమంత ఉంది. జిల్లాలో ఇంత పెద్ద నమస్కారం నేనెన్నడూ చూడలేదు.

ఉపగ్రహం వేళకే వచ్చి, చూసుకుని, తన దారిన పోయింది. కొలతలకని వచ్చిన సుభాషిణి గారు నెత్తి కొట్టుకుని పరికరాలు సర్దుకున్నారు. "ఇంక పనికిరాదు సార్. ఈ చోటు మారిపోయింది."

"విన్నారా!" అని ఎమ్మెల్యే గారు మైకు లాక్కున్నారు. "ఒక్క రాత్రిలో మార్పు తెచ్చినాను!"

చప్పట్లు కొడదామని చూస్తే నా పక్కన ఎవరూ లేరు. ఆడవాళ్ళంతా చేపల గంపలతో ఫ్లెక్సీ ఎక్కేశారు. మాలకొండమ్మ వంగి ఎమ్మెల్యే గారి బుగ్గని అరచేత్తో తడిమి చూసింది. ఇసుక రేణువు లేదు, నున్నగా ఉంది.

"స్వర్ణా, నెత్తళ్ళ చేపలు ఆ నొసటి మీద పొయ్యవే," అని కూతుర్ని కేకేసింది. "మారాజు, ఇన్నాళ్ళకి గచ్చు ఏసినాడు!"