నడుమెత్తు గోడలకు కొత్త సాఫ్ట్‌వేర్

ఇల్లు కట్టుకుంటున్న వాళ్లకు నేనిచ్చే సలహా ఒక్కటే. గోడలు నడుమెత్తు లేచేదాకా ఓపిక పట్టండి. అప్పుడు మీ డిజైనర్‌ను పిలిచి, ఇంటి ప్లాను గీసే సాఫ్ట్‌వేర్ మార్చెయ్యమనండి. పునాదికి ముందు మారిస్తే మజా లేదు. గృహప్రవేశం తర్వాత మారిస్తే ప్రయోజనం లేదు. సరిగ్గా మధ్యలో మార్చాలి!

నవ్వకండి. ముప్పై మూడేళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన మనిషిని. అనుభవం లేకుండా మాట్లాడను.

నేనూ, నా భార్య శకుంతలమ్మా ఏర్పేడు దగ్గర ఇల్లు కట్టుకుంటున్నాం. ప్లాను గీసింది గిరిప్రసాద్. కార్వేటినగరం హైస్కూల్లో నా దగ్గర చదువుకున్నాడు. ఇప్పుడు తిరుపతిలో ఒక మేడ మీద, ఏసీ గదిలో, రెండు పెద్ద స్క్రీన్ల ముందు కూర్చుని జనానికి ఇళ్లు గీసిస్తుంటాడు. మంచివాడు, మర్యాదస్తుడు. పదో తరగతిలో సంధులు కలపడం రాలేదు గానీ, గోడలు కలపడం బాగానే వచ్చింది.

మొదటి ప్లాను పాత సాఫ్ట్‌వేర్‌లో గీశాడు. నల్లటి తెర మీద పచ్చటి గీతలు. అందులో చూడ్డానికి ఏముంటుంది? నాకు ఆవలింతలొచ్చాయి. శకుంతలమ్మ మాత్రం అతని పక్కన కుర్చీ వేసుకుని రెండు గంటలు కూర్చుంది. హాలు ఎంతయినా ఉండనీ, వంటగది ఎట్లాగయినా ఉండనీ, తనకొక చిన్న గది కావాలంది. ఎనిమిదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు. ఉత్తరం గోడకు నాలుగడుగుల కిటికీ. ఆ కిటికీ ముందు కుట్టు మిషను.

ఆమె ఇరవై ఆరేళ్లుగా జాకెట్లు కుడుతోంది. ఇన్నాళ్లూ మావన్నీ అద్దె ఇళ్లే. ఏ ఇంట్లో దిగినా మిషనుకు దొరికేది చీకటి నడవే. పట్టపగలు కూడా ట్యూబ్‌లైటు వేసుకోవాలి. ఒకసారి ఒక పెళ్లికూతురి జాకెట్టుకు ముదురు నీలం దారమనుకుని నల్లదారం వేసి కుట్టింది. ఎండలోకి తీసుకెళ్లి చూస్తే గానీ తెలియలేదు. కుట్లన్నీ విప్పి, మళ్లీ కుట్టి, ముహూర్తానికి గంట ముందు పంపించింది. ఆ రోజంతా అన్నం తినలేదు. కిటికీ మాట మొదలైంది అప్పుడే.

గిరిప్రసాద్ కిటికీ పెట్టాడు. గది మీద ‘కుట్టు గది’ అని రాశాడు కూడా. పునాది పడింది. గోడలు నడుమెత్తు లేచాయి. అప్పుడు అతని దగ్గర్నుంచి ఫోనొచ్చింది. సాఫ్ట్‌వేర్ మారుస్తున్నాడట.

“పాతదాంట్లో ఇల్లు చూస్తాం సార్. కొత్తదాంట్లో ఇంట్లోనే తిరగతాం” అన్నాడు.

ఇంట్లో తిరగాలంటే ముందు ఇల్లు కట్టాలని అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ. ఎంత వెనకబడి ఉన్నాను! వెంటనే సరే అన్నాను.

ఇక లాభాలు చూడండి. మొదటి వారంలోనే, పాత ఫైలులోని అడుగులన్నీ కొత్తదానికి మిల్లీమీటర్లుగా అర్థమయ్యాయి. నలభై అడుగుల ఇల్లు అగ్గిపెట్టెలో పట్టేంత అయింది. అంత ఇల్లు ఊడ్చుకోవడం ఎంత సులువు! రెండో వారం కొలతలు సరిచేస్తే, మేడ మెట్లలో చివరిది గాల్లో ఆగిపోయింది. అరవై దాటిన మోకాళ్లకు వ్యాయామం వద్దా? మూడో వారం రంగుల బొమ్మలొచ్చాయి. మా హాల్లో చలికాచుకునే పొయ్యి. కిటికీ బయట మంచు కురుస్తోంది. మే నెల ఎండలో, ఏర్పేడు బస్టాపులో నిలబడి ఆ బొమ్మ చూశాను. నిజంగా ఒళ్లు చల్లబడింది.

ఆ బొమ్మలో మా సోఫా మీద ఒక ఎర్రజుట్టు మనిషి పేపరు చదువుకుంటున్నాడు. అతనెవరని శకుంతలమ్మ అడిగింది. సాఫ్ట్‌వేర్‌తోపాటు ఊరికే వచ్చాడని చెప్పాను. గృహప్రవేశానికి ముందే వచ్చి కూర్చున్నాడు కాబట్టి ఇటుకలకు నీళ్లు కొట్టమనండి అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

భాష కూడా వృద్ధి చెందుతుంది. ‘రెండర్ అవుతోంది సార్’ అంటే బొమ్మ తయారవడానికి రెండు రోజులు పడుతుందని అర్థం. ‘ఇంపోర్ట్‌లో చిన్న ఇష్యూ’ అంటే వారం. ఈ వయసులో రోజుకొక కొత్త మాట నేర్చుకునే అదృష్టం ఎంతమందికి ఉంటుంది?

ఆ చిన్న ఇష్యూ ఏమిటంటే, పాత ఫైలులోంచి గోడలొచ్చాయి, తలుపులొచ్చాయి, గదుల పేర్లు మాత్రం రాలేదు. అయినా కొత్త సాఫ్ట్‌వేర్ తెలివైనది. గదుల సైజులు చూసి పేర్లు అదే పెట్టేసింది. ఎనిమిదికి ఎనిమిది గదిని చూసి ‘స్టోర్’ అనుకుంది. బియ్యం బస్తాలకు వెలుతురెందుకని కిటికీ తీసేసింది. కొత్త ప్లాను పదకొండు పేజీలు నా ఫోనుకు వచ్చింది. చూసి ఓకే చెప్పమన్నాడు గిరిప్రసాద్. నేను హాలు బొమ్మను అటు తిప్పి ఇటు తిప్పి, మంచు ఆగిందో లేదో చూసి, బొటనవేలి బొమ్మ పంపించాను. మిగతా పేజీలు తెరవలేదు.

అవే పేజీలు అందుకున్న మా మేస్త్రీ మునెయ్య మాత్రం తెరిచాడు. ఏర్పేడు చుట్టుపక్కల ముప్పై ఏళ్లుగా తాపీ పట్టిన మనిషి. ఈ గదికి కిటికీ ఉండాలి కదా అని నాకు ఫోన్ చేశాడు. కంప్యూటర్ గీసిందే కరెక్టు, అది చూసి కట్టమని చెప్పాను. నేను చెప్పాక అతనేం చేస్తాడు? కట్టేశాడు.

నాలుగు రోజుల తర్వాత శకుంతలమ్మ నాతోపాటు అక్కడికి వచ్చింది. నేరుగా తన గదిలోకి వెళ్లింది. ఉత్తరం గోడ ఆమె గొంతుదాకా లేచి ఉంది. దాన్ని ఈ కొసనుంచి ఆ కొసదాకా చేత్తో తడిమింది. తర్వాత నన్ను కాదు, మేస్త్రీని అడిగింది.

“కిటికీ యాడ మునెయ్యన్నా?”

“పాత కాగితంలో ఉన్నిందమ్మా. కొత్తదాంట్లో లేదు. అయివారిని అడిగితే కొత్తదే కరెక్టన్నాడు.”

ఇద్దరూ నా వైపు తిరిగారు. నేను ఇంపోర్ట్ గురించి, గదుల పేర్ల గురించి వివరించాను. అంత నిశ్శబ్దమైన క్లాసుకు నా సర్వీసులో ఎన్నడూ పాఠం చెప్పలేదు. చివరికి, ఇప్పుడు మంచి ఎల్‌ఈడీ లైట్లు వస్తున్నాయి కదా అన్నాను.

“లైట్లు నాకు తెలీకనా? ఇరవై ఆరేండ్లు వాటి కిందే కుట్టినాను” అంది. గొంతు పెంచలేదు. “ఇంత ఇంట్లో నేనడిగింది అదొక్కటే.”

ముందు నాకు సోఫా మీది ఎర్రజుట్టు వాడి మీద కోపం వచ్చింది. తర్వాత గిరిప్రసాద్ మీద వచ్చింది. నా మీద నాకు రావడానికి ఇంకాస్త టైము పట్టింది. వచ్చాక ఎటు చూడాలో తెలియలేదు.

ఆమె చేతిసంచిలోంచి టేపు తీసింది, జాకెట్ల మీద గీతలు గీసే సుద్ద తీసింది. కింద మూడడుగులు కొలిచి గీత పెట్టింది. అక్కడినుంచి పక్కకు నాలుగడుగులు. రెండు వైపులా పైదాకా నిలువు గీతలు. ఆ ఎర్రటి ఇటుకల మీద తెల్లటి కిటికీ వచ్చింది. రెండర్ అవడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు!

“ఈడ తియ్యన్నా” అంది.

మునెయ్య నా వైపు ఒకసారి చూశాడు, నా జవాబు కోసం ఆగలేదు. కిటికీల పైన వచ్చే కాంక్రీటు లింటెల్ ఇంకా పోయలేదు కాబట్టి సరిపోయింది. మధ్యాహ్నానికల్లా ఇటుకలు ఊడదీశాడు.

సాయంత్రం గిరిప్రసాద్‌కు ఫోన్ చేసి చెప్పాను. అతను నొచ్చుకున్నాడు. మోడల్‌లో మార్చకుండా గోడ మార్చితే ఎర్రర్ వస్తుందట, గది మొత్తం ఎర్రగా చూపిస్తుందట. నేను తప్పయిపోయిందన్నట్టు తలూపుతున్నాను. శకుంతలమ్మ ఫోను తీసుకుంది.

“గిరీ, ఒకసారి ఈడికొచ్చి చూసి పో నాయనా” అంది.

ఆదివారం వస్తానమ్మా అన్నాడు.

అంటే అంతకుముందు రాలేదా అని మీరడగొచ్చు. రాలేదు. ఎనిమిది నెలల్లో ఒక్కసారీ రాలేదు. ఎందుకు రావాలి? కొలతలు ఫోన్లో చెప్పాం, ఫొటోలు పంపాం, ఇంట్లో తిరగడానికి స్క్రీను ఉంది. నేనూ రమ్మని అడగలేదు. అడక్కుండానే సాఫ్ట్‌వేర్ మార్చిపెట్టే మనిషిని, తిరుపతినుంచి కారేసుకుని రమ్మని కష్టపెట్టడం మర్యాద కాదనుకున్నాను.

ఆదివారం వచ్చాడు. బూట్లకు బురద అంటకుండా గదిగదీ తిరిగాడు. హాలు స్క్రీన్‌లో కంటే చిన్నగా ఉందన్నాడు. చివరికి కుట్టు గదిలోకి వచ్చి, ఇటుకలు తీసిన చోట చేతులానించి నిలబడ్డాడు. గాలి వచ్చి అతని చొక్కా ఎగిరింది. నేలంతా వెలుతురు పరుచుకుని ఉంది. శకుంతలమ్మ మిషను ఎక్కడ పెట్టేదీ చూపిస్తుంటే, తల వంచుకుని విన్నాడు. సారీ అమ్మా అన్నాడు. తర్వాత బయటికి తొంగిచూశాడు. ఒక ట్రాక్టరు మా గోడ పక్కనుంచే వెళ్తోంది.

“ఈ పక్క రోడ్డుండాదా సార్? ఎప్పుడేసినారు?” అని అడిగాడు.

మునెయ్య తాపీ కడుక్కుంటూ, నాకు బదులు తనే చెప్పాడు.

“నేను పుట్టకముందే ఏసినారప్పా.”