జింకలకు జరిగిన మేలు

జింకను కాపాడాలంటే ముందుగా ఆపదలో ఉన్న జింక కావాలి. లేనిచోట ఆపదను సమకూర్చుకోవాలి. ఈ సూత్రాన్ని మహబూబ్‌నగర్ జిల్లాలో కమలాకర్ కంటే శ్రద్ధగా పాటించినవాడు లేడు. అతను ఒక విదేశీ దాతృత్వ సంస్థకు సహజీవన సమన్వయకర్త. (ఎవరితో ఎవరు సహజీవనం చేయాలో నియామక పత్రంలో లేదు.)

సంస్థ తన సొమ్మును వాతావరణానికి హాని చేయని వ్యాపారాల్లోనే పెడుతుంది. అలా కమలాకర్ ఊరి బీడులో సోలార్ ప్లాంటు వెలిసింది, చుట్టూ కంచె పడింది. అక్కడ మేసే కృష్ణజింకలు వీధిన పడ్డాయి. ప్లాంటు లాభంతో సంస్థ వాటి సంరక్షణ మొదలుపెట్టింది; కమలాకర్‌కు జీతం మొదలైంది. మేత లేని జింకలు పక్కనున్న పల్లి చేనులో దిగాయి. ఆ చేను కమలాకర్ తల్లి గుర్వమ్మది.

సహజీవన శిక్షణకు ఊరంతటినీ పిలిస్తే ఆమె ఒక్కతే వచ్చింది. కొడుకు ఆమెకు టోపీ పెట్టి (నిజం టోపీయే, సంస్థ ఇచ్చింది) జింకలను ప్రేమించడం ఎలాగో చెప్పాడు.

"గవి నా పల్లి చేను తింటున్నయి గదా బిడ్డా."

"పరిహారం కోసం పైకి రాసిన అమ్మా."

"ఏమన్నరు?"

"జింకలు మంచిగ బలిసినయని సంబురపడ్డరు."

సగం చేను పోయాక గుర్వమ్మ ప్లాంటులో కూలికి కుదిరింది. సోలార్ పలకల కింద ఏపుగా పెరిగిన గడ్డి కోయడం పని. కమలాకర్ దీన్ని మహిళా ఉపాధి కింద నివేదించాడు. రాస్తుంటే సిగ్గేసింది. నివేదికలో సిగ్గుకు గడి లేదు.

కోసిన గడ్డిలో ఒక మోపు ఆమె రోజూ తెచ్చి చేను గట్టున వేయసాగింది. జింకలు పల్లి వదిలి గడ్డికి మరిగాయి.

"నోరులేనియి. ఆకలైతె ఏం జేస్తయిరా," అంది గుర్వమ్మ.

మిగిలిన సగం చేను నిలిచింది. ఉద్యోగంలో చేరాక మొదటిసారి సంతోషం కలిగి, కమలాకర్ ఫొటో తీసి పైకి పంపాడు. వెంటనే జవాబొచ్చింది. వన్యప్రాణులకు మేత వేయరాదు. వాటి సహజమైన తిండి అలవాట్లు చెడతాయి. (సహజమైన తిండి అంటే అప్పటికి పల్లీలు.) తప్పు చేసిన వ్యక్తికి సమన్వయకర్త స్వయంగా నోటీసు అందించాలి.

నోటీసు జేబులో పెట్టుకొని కమలాకర్ ఇంటికి పోయాడు. గుర్వమ్మ జొన్నరొట్టెలు కాలుస్తోంది.

"మొకం గట్లున్నదేంది? జర తిని మాట్లాడు."

అతను ఆ మాట పాటించాడు. కడుపునిండా తిన్నాకే ఇచ్చాడు.