కోకిలమ్మ తిరగరాసిన పెళ్ళిచూపులు

పులి లేకపోయినా రోజు గడిచేది గానీ సాహిత్య పరిషత్తు లేకపోతే పూట గడవని ఒక పెద్ద అడవిలో, అందరూ చదివిన ప్రేమ నవల ఒక్కటే ఉండేది. దాని పేరు ‘రెల్లు గూడు పెళ్ళి’. రాసిన గిజిగాడు ఏనాడో పోయాడు.

కథ పెద్దదేం కాదు. గిజిగాళ్ళలో పెళ్ళిచూపులకు వెళ్ళేది ఆడపిల్ల. మగవాడు వాగు మీదికి వంగిన తుమ్మకొమ్మకు సగం గూడు అల్లి, దాని కింద వేలాడుతూ రెక్కలు కొట్టుకుంటాడు. ఆమె వచ్చి పోచలు ముక్కుతో లాగి చూస్తుంది. నచ్చకపోతే వెళ్ళిపోతుంది. నవలలో నాయిక ఒక్క మాట మాట్లాడదు, తల అడ్డంగా ఊపుతూనే ఉంటుంది. నాయకుడు విప్పి మళ్ళీ అల్లుతూనే ఉంటాడు. ఆఖరికి ఆమె తల నిలువుగా ఊపుతుంది, అతను మిగతా సగం పూర్తిచేస్తాడు. ఆ చివరి పేజీ దగ్గర ఏడవని గిజిగాడు లేడు. నాకు రెక్కలు లేవు, అయినా నేనూ ఏడ్చాను.

ఈ నవలను తిరగరాయించాలని ప్రచురణకర్త నక్కకు బుద్ధి పుట్టింది. పాత కథకు పాఠకులున్నారు, హక్కులడిగేవాడు లేడు. అంతకంటే ఏం కావాలి?

“కాలానికి తగ్గట్టు మార్చాలమ్మా,” అన్నాడు రచయిత్రి కోకిలతో. “పేర్లు అవే ఉండాలి, కొమ్మ అదే ఉండాలి. చదివినవాడు మాత్రం ఉలిక్కిపడాలి.”

“గూళ్ళ గురించి నాకు పెద్దగా తెలియదండీ,” అంది కోకిల.

ఆ మాట నిజం. కోకిలల వంశంలో గూడు కట్టిన పాపాన ఎవరూ పోలేదు. గుడ్డు కాకి గూట్లో పెట్టి చల్లగా జారుకోవడం వాళ్ళ ఆచారం.

“తెలియకపోవడమే నాకు కావాలి. తెలిసినవాళ్ళు రాస్తే మళ్ళీ పాత నవలే వస్తుంది,” అన్నాడు నక్క.

అలా పుట్టింది ‘గూడెందుకు, గుండె చాలు’. ఇందులో నాయిక పోచలు లాగదు. నాయకుడి కళ్ళలోకి చూస్తుంది. నీ గూడు సగమే కావచ్చు, నీ ప్రేమ నిండైనదని పేజీల కొద్దీ మాట్లాడి, ఆ సగం గూట్లోనే కాపురం పెట్టేస్తుంది.

పరిషత్తు సభలో విమర్శకుడు కాకి లేచాడు. కోకిల ఏం పెట్టినా సొంతదనుకుని పొదగడం ఆయనకు అలవాటు.

“ఇన్నాళ్ళూ మనం ప్రేమను పీచు లాగి పరీక్షించాం. కోకిలమ్మగారు మన కళ్ళు తెరిపించారు,” అన్నాడు.

సభ ఆ పుస్తకాన్ని నెత్తిన పెట్టుకుంది. అధ్యక్షుడు ఎలుగుబంటి చదవకుండానే శాలువా కప్పాడు. ఆయనకు ఏ పుస్తకం మీదా పక్షపాతం లేదు.

కుర్ర గిజిగాళ్ళకు ఆ నవల నచ్చడంలో వింతేమీ లేదు. ఎండలో పీచు చీల్చే పని సగానికి తగ్గింది. తుమ్మచెట్టు నిండా సగం గూళ్ళు వేలాడాయి.

ఆ ఏడాదే మొదటిసారి చూపులకు బయల్దేరిన పసిడి అనే పిల్ల, ఈనె అనే కుర్రవాడి కొమ్మ మీద వాలింది. అతనంటే ఆమెకు ఇష్టం, అందులో దాపరికం లేదు. కానీ వానాకాలం ముంచుకొస్తోంది, గుడ్లు పెట్టాల్సింది ఈ గూట్లోనే. ఒక పోచ పట్టి లాగింది. అది తేలిగ్గా ఊడి వచ్చింది.

“ఇది నిలవదు ఈనె. దీనికి అడుగే లేదు.”

“నువ్వింకా ఆ పాత పుస్తకంలోనే ఉన్నావా? గూడు చూడకు, నన్ను చూడు.”

“నిన్ను చూశాకే గూడు చూస్తున్నాను. లేకపోతే ఈ కొమ్మ మీద వాలేదాన్నే కాదు.”

“ప్రేమ ఉన్నప్పుడు పరీక్ష దేనికి?”

“నీ ప్రేమలో నేను గుడ్లు పెట్టలేను కదా.”

ఈనె మొహం మాడ్చుకున్నాడు. ఆ మాట చెట్టంతా పాకింది. పసిడికి మనసు లేదన్నారు, పాతకాలపు పిల్ల అన్నారు. ఆమె స్నేహితురాళ్ళు ఒక్కొక్కరే సగం గూళ్ళలో కాపురం పెట్టి, ఆమెతో మాటలు మానేశారు.

పసిడి రెల్లుపొద మీద ఒంటరిగా కూర్చుని ఏడ్చింది. తప్పు తనదేనేమో అని కూడా అనుకుంది. పాత నవల తెరిచి చూసింది. నాయిక తల ఎందుకు అడ్డంగా ఊపుతోందో అందులోనూ ఒక్క ముక్క రాయలేదు. రాసినవాడూ మగవాడే, ఆమెను అడగాలని తోచలేదు.

ఇంతలో కోకిలకు గుడ్డు పెట్టే వేళయింది. ఎప్పటిలాగే విమర్శకుడి గూటికి వెళ్ళి నిర్ఘాంతపోయింది.

“కాకిగారూ, ఇదేమిటండీ? మధ్యలోంచి నేల కనిపిస్తోంది.”

“అంతా మీ చలవేనమ్మా,” అన్నాడు కాకి వినయంగా, నాలుగు పుల్లల మీద కూర్చుని. “గూడెందుకు, గుండె చాలు. పుస్తకమంతా నాకు కంఠతా వచ్చు.”

“అది నవలండీ.”

“అదే కదా నేనూ సభలో చెప్పింది. జీవితానికి ఎంత దగ్గరగా ఉందో అని.”

కోకిల కాకుల గూళ్ళన్నీ తిరిగింది. కాకిగారి సమీక్ష పుణ్యమా అని ప్రతి కాకీ ఆ నవల చదివే ఉంది. ఏ గూటికీ అడుగు లేదు.

గాలి మొదలైంది, వెంటనే తొలివాన. సగం గూళ్ళు ఒక్కొక్కటే ఊడి వాగులో పడ్డాయి. కొత్త పెళ్ళికూతుళ్ళు తడిసి ముద్దై కొమ్మల మీద కూర్చున్నారు. కోకిల గిజిగాళ్ళ చెట్టు మీదికి వచ్చి, మిగిలిన గూళ్ళను ఒక్కొక్కటే ముక్కుతో లాగి చూస్తూ తల అడ్డంగా ఊపసాగింది.

“ఏం చూస్తున్నారు పిన్నిగారూ?” అని అడిగింది పసిడి.

“గట్టిగా ఉందో లేదోనమ్మా. లోపల పెట్టేది గుడ్డు కదా.”

“ఆ ఒక్క మాట మీ నవలలో రాసి ఉంటే నాకు ఈపాటికి పెళ్ళయ్యేది,” అంది పసిడి.

పక్క కొమ్మ మీద తడుస్తున్న ఈనె ఇదంతా విన్నాడు. అతని గూడు అప్పటికే వాగులో పోయింది. వాన తగ్గాక వెళ్ళి పచ్చి పీచు తెచ్చి మొదటినుంచి అల్లడం మొదలుపెట్టాడు. సగంలో ఆగి పసిడి వైపు చూశాడు.

“అడుగు ఎంత మందం ఉండాలి?” అని అడిగాడు.

పాత నవలలో గానీ కొత్త నవలలో గానీ ఏ నాయకుడూ ఆ మాట అడగలేదు. పసిడి అతని కొమ్మ మీదికి వచ్చి వాలింది. చెప్పడానికి ఆమె దగ్గర చాలా ఉంది, పొద్దుగూకేదాకా చెబుతూనే ఉంది.

కోకిల వేరే దారిలేక, నక్క గోదాములో దొంతరలుగా పేర్చిన తన పుస్తకాల మధ్య గుడ్డు పెట్టి వచ్చింది. తర్వాత అది ఏమైందో నక్క చెప్పలేదు. మూతి మాత్రం శుభ్రంగా తుడుచుకున్నాడు.

మరుసటి ఏడు కోకిలమ్మ మరో నవల వచ్చింది, ‘గుండె సరే, గూడేది?’ అని. అందులో నాయిక పోచలు లాగుతుంది, తల ఊపుతుంది. అట్ట తీసేస్తే అది అక్షరం పొల్లుపోకుండా ‘రెల్లు గూడు పెళ్ళి’. ఇంతటి సాహసం ఇంతవరకు ఎవరూ చేయలేదన్నాడు కాకి. ఎలుగుబంటి మళ్ళీ శాలువా కప్పాడు.

నీతి: గూడు కట్టడం రానివాళ్ళు ప్రేమ నవలలు నిక్షేపంగా రాసుకోవచ్చు, గుడ్లు మాత్రం అవి చదవనివాళ్ళ గూట్లో పెట్టుకోవాలి.